తొలి మంచులో హిమాలయ ట్రెక్: మంచుచరియల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు దాటిందంటే హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ నుంచి ఉత్తరాఖండ్, హిమాచల్, కశ్మీర్‌లకు బండెక్కే బ్యాచులు మొదలవుతాయి. మనుషులు మారినా సందేహాలు మాత్రం అవే. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఇక్కడ చెప్పేదంతా అక్టోబరు నుంచి జనవరి సగం దాకా ఉండే తొలి సీజన్ గురించే. ఇది చదివితే శిక్షణ పూర్తయినట్టు కాదు. గైడును ఏమడగాలో, ఏ వాలు దగ్గర ఆగిపోవాలో మాత్రం తెలుస్తుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఇంటి దగ్గర, టికెట్ కొనక ముందు

మంచు ఇంకా మోకాలి లోతు కూడా పడలేదంట. మరి చరియలు ఎట్ల పడతయ్?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. తొలి సీజన్‌లో మంచు పల్చగా ఉండటమే సమస్య. మంచు కింద నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైభాగం మాత్రం తేట రాత్రుల్లో మైనస్ 12కో ఇంకా కిందికో పోతుంది. మంచు 40 సెంటీమీటర్లే ఉందనుకోండి, ప్రతి 10 సెంటీమీటర్లకు 3 డిగ్రీల తేడా వస్తుంది. 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ తేడా దాటితే చాలు, కింది వెచ్చని భాగం నుంచి నీటి ఆవిరి పైకి పాకుతూ మంచు రేణువుల ఆకారాన్నే మార్చేస్తుంది. అవి కోణాలు తేలి, ఒకదానికొకటి అతుక్కోకుండా పొడిపొడిగా తయారవుతాయి. గుప్పిట్లోకి తీసుకుంటే చక్కెరలా జారిపోతాయి, ఎంత నొక్కినా ముద్ద కావు. అదే మంచు ఒకటిన్నర మీటర్ల మందం ఉంటే తేడా 10 సెంటీమీటర్లకు 0.8 డిగ్రీలకు పడిపోతుంది, రేణువులు మెల్లగా అతుక్కుంటాయి.

అంటే నవంబరులో ఒకసారి పల్చగా పడి, ఆ తర్వాత మూడు వారాలు ఎండ కాసిందంటే నేలను అంటుకుని ఒక బలహీన పొర సిద్ధమైనట్టే. డిసెంబరులో పశ్చిమ కల్లోలం (పడమటి నుంచి హిమాలయాలకు వాన, మంచు తెచ్చే వాతావరణం) వచ్చి దానిపై కొత్త మంచు పేరిస్తే, ఆ బరువు నిలిచేది పునాది లేని చోట. పై పొర పలకలా కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఒకచోట తెగితే వాలంతా ఒక్కసారిగా కదులుతుంది. ఈ బలహీన పొర ఎండ తగలని ఉత్తరం వైపు వాలుల్లో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి అలాగే ఉంటుంది.

ఇంకో సంగతి. మంచు అంతటా సమానంగా పడదు. క్యాంపు దగ్గర గడ్డి కనిపిస్తున్నా, గాలి మంచును తెచ్చి పోసిన, పైనున్న గిన్నెలాంటి పల్లాల్లో నడుము లోతు ఉండొచ్చు. మంచు కోసం వెళ్లిన మనిషి వెతుక్కుంటూ పోయేది సరిగ్గా అలాంటి చోటికే.

బతుకమ్మ, దసరా సెలవుల్లో పోతే చరియల భయం ఉంటదా?

4,000 మీటర్ల లోపు మామూలు ట్రెక్కులకు అక్టోబరు మొదట్లో చాలావరకు భయం ఉండదు. ఐదు వేల మీటర్లు దాటే శిఖరాల సంగతి వేరు. వానాకాలం చివర్లో అక్కడ పడేది వాన కాదు, మంచు. 2022 అక్టోబరు 4న, దసరాకు ముందు రోజు, ఉత్తరకాశీ జిల్లాలోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం మీద చరియ విరిగిపడి 29 మంది చనిపోయారు. వాళ్లంతా నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందంలోని శిక్షణార్థులు, శిక్షకులు. ‘సీజన్ ఇంకా మొదలు కాలేదు’ అనే మాట మన క్యాలెండరుకే గానీ ఆ ఎత్తులకు వర్తించదు.

కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ లాంటి బిగినర్ ట్రెక్కులకు కూడా ఇదంతా కావాలా?

కొంతవరకు కావాలి. ఈ రెండింటి మామూలు బాటలు ఎక్కువగా అడవి, పచ్చిక మైదానాలు, రిడ్జ్‌ల (కొండ వెన్నుల) మీదుగానే పోతాయి. చలికాలంలో వాటికి అంత గిరాకీ ఉండటానికి అదీ ఒక కారణం. ప్రమాదం బాట తప్పినప్పుడు వస్తుంది. కేదార్‌కంఠ (3,800 మీటర్లు) శిఖరం నుంచి దిగేటప్పుడు జారుడుబండ ఆడదామని పక్క వాలులోకి దిగడం, రద్దీ తప్పించుకోవడానికి అడ్డదారి పట్టడం అలాంటివే. బ్రోషర్‌లో ‘సులువు’ అని రాసేది నడక గురించి. ఆరోజు వాలు ఎలా ఉందన్నది అందులో ఉండదు.

ఆదిలాబాద్ చలికి అలవాటు పడ్డోళ్లం. మాకేమైతది?

చలికి ఏమీ కాకపోవచ్చు. మంచుచరియకు మీ అలవాటుతో పని లేదు.

భువనగిరిలో రాక్ క్లైంబింగ్ నేర్చుకున్న. సరిపోతదా?

తాడు, ముడులు, ఎత్తంటే భయం పోవడం... వీటికి భువనగిరి మంచి బడి. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, ఆమె మొదలుపెట్టిందీ ఆ బండ మీదే. కానీ అక్కడితో ఆగలేదు, డార్జిలింగ్ వెళ్లి మంచు మీద శిక్షణ తీసుకుంది. బండ రోజూ ఒకేలా ఉంటుంది, మంచు పొద్దుటికీ మధ్యాహ్నానికీ మారిపోతుంది. మంచును చదవడం నేర్చుకోవాలంటే ఉత్తరకాశీ, మనాలీ, డార్జిలింగ్, పహల్గామ్‌లలోని ప్రభుత్వ పర్వతారోహణ సంస్థల బేసిక్ కోర్సు ఉంది. దాదాపు నాలుగు వారాలు పడుతుంది. సీట్లు ముందే నిండిపోతాయి కాబట్టి వచ్చే ఏడాదికి ఇప్పుడే చూసుకోవాలి.

వాపసు టికెట్ ఎప్పటికి బుక్ చేయాలె?

ట్రెక్ ముగిసే తేదీకి కనీసం రెండు రోజులు కలిపి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, ఆ రోజే తేదీ ఖాయం చేసేస్తాం. రెండు నెలల తర్వాత కురిసే మంచుకు ఆ తేదీ తెలియదు. వరంగల్ లేదా కాజీపేట నుంచి ఢిల్లీ దాదాపు ఒక రోజు. అక్కడి నుంచి డెహ్రాడూన్, ఆపైన కేదార్‌కంఠకు బయల్దేరే సాంక్రీ దాకా కొండ దారిలో మరో ఎనిమిది, పది గంటలు. ఒక్క తుఫాను వచ్చినా లెక్క తప్పుతుంది. ‘రేపే రైలు, ఇవ్వాళ ఎక్కకపోతే ఇంక లేదు’ అనే మాట నోట్లోంచి వచ్చిందంటే నిర్ణయం మీ చేతిలోంచి పోయినట్టే. వెయిటింగ్ లిస్టులో తిరిగొచ్చినా ఫర్వాలేదు.

## సామాను

బీకన్, ప్రోబ్, పార... మూడూ ఉండాల్సిందేనా? ఒకటుంటే నడవదా?

30 డిగ్రీలు దాటిన మంచు వాలు మీదికో, దాని కిందికో వెళ్తుంటే మూడూ, ప్రతి మనిషి దగ్గరా ఉండాలి. బీకన్ అంటే మంచు కింద పడ్డ మనిషి జాడ చెప్పేందుకు ఒంటికి కట్టుకునే చిన్న పరికరం. అది 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతుంది, వెతికేటప్పుడు అదే సిగ్నల్‌ను పట్టుకుంటుంది. ప్రోబ్ అంటే మంచులో గుచ్చి మనిషిని వెతికే, విప్పితే పొడవయ్యే సన్నటి రాడ్. 240 సెంటీమీటర్లకు తక్కువది తీసుకోవద్దు. పార లోహంతో చేసినదై ఉండాలి, ఆగిన చరియలోని మంచు గట్టిపడి ప్లాస్టిక్ పారను విరిచేస్తుంది. బీకన్ ఉండి పార లేకపోతే మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది, బయటికి తీయడం మాత్రం కుదరదు.

పాత బీకన్ కొంటుంటే మూడు యాంటెన్నాల డిజిటల్‌దే తీసుకోండి. కంపెనీ వేరే చెప్పకపోతే ఆల్కలైన్ బ్యాటరీలే వేయాలి. రీఛార్జబుల్ సెల్స్ చార్జు చూపిస్తూ చూపిస్తూనే ఒక్కసారిగా పడిపోతాయి. చార్జు సగానికి దిగితే మార్చేయండి. సీజన్ అయిపోయాక సెల్స్ తీసేసి దాచండి, లేకపోతే మన ఎండాకాలంలో అవి లీకై లోపలి కాంటాక్టులను తినేస్తాయి. ఎయిర్‌బ్యాగ్ బ్యాగులు (చరియలో పైకి తేలేలా గాలితో ఉబ్బేవి) మంచివే, కానీ ఈ మూడింటికి బదులు కావు.

వరంగల్‌లో మంచే లేదాయె. బీకన్ ఎట్ల ప్రాక్టీస్ చేయాలె?

మంచు అక్కర్లేదు. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండంత జాగా ఉంటే చాలు. ఒక బీకన్‌ను సెండ్ మోడ్‌లో పెట్టి, డబ్బాలో వేసి, వరిగడ్డి కుప్ప కిందో ఇసుకలోనో దాచండి. దాచినవాడు వెతకకూడదు. మిగతావాళ్లు 40 మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి, తెరపై బాణం చూపిన వైపు వెళ్లాలి. ఆ దారి తిన్నగా ఉండదు, వంపు తిరుగుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. తెరపై దూరం చూపే అంకె 3 మీటర్ల దగ్గరికి వచ్చాక పరుగు ఆపి, బీకన్‌ను నేలకు ఆనించి, తిప్పకుండా అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ జరపాలి. అన్నిటికంటే చిన్న అంకె వచ్చిన చోట ప్రోబ్ దించడం మొదలుపెట్టాలి.

ఫోన్, పవర్ బ్యాంక్, స్మార్ట్ వాచ్ ఈ సిగ్నల్‌ను చెడగొడతాయి. మామూలు నడకలో బీకన్‌కు 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. ఫోన్ ఒంటి మీద పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి వెతికి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. నాలుగు నిమిషాల్లోపు దొరికే దాకా వారం వారం చేయండి.

మైక్రోస్పైక్స్, గైటర్లు ఉన్నయ్. చాలవా?

అవి కాలు జారకుండా, బూట్లలోకి మంచు పోకుండా కాపాడతాయి. కాలి కింది మంచే కదిలినప్పుడు స్పైక్స్ దేన్ని పట్టుకుంటాయి?

శాటిలైట్ ఫోన్ తీసుకుపోవచ్చా? మన సిమ్ పనిచేస్తదా?

టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, శాటిలైట్ మెసెంజర్ గానీ వెంట పెట్టుకోవడం మన దేశంలో నేరం. విదేశీ వీడియోల్లో అందరి భుజానికీ వేలాడుతుంది కదా అని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దు. మామూలు జీపీఎస్‌కు ఇబ్బంది లేదు. ఇక సిమ్: జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. బృందంలో కనీసం ఇద్దరి దగ్గర, వేర్వేరు కంపెనీలవి ఉంచుకోండి. ఎత్తు మీద సిగ్నల్ ఉండదనే అనుకుని ప్లాన్ చేయాలి. ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంట్లోవాళ్లకు, క్యాంపువాళ్లకు కాగితం మీద రాసివ్వండి.

## క్యాంపులో, బయల్దేరే పొద్దున

చరియల హెచ్చరికలు ఎక్కడ చూడాలె?

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కింద చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్‌ఈ అనే ప్రయోగశాల హిమాలయ జిల్లాలకు మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. ఈ పని ఒకప్పుడు మనాలీలోని సాసే అనే సంస్థ చూసేది. వాటితో పాటు డెహ్రాడూన్, శిమ్లా, శ్రీనగర్ వాతావరణ కేంద్రాల సూచనలూ చూడాలి. హెచ్చరికలో మూడు సంగతులు గమనించండి: ఏ జిల్లా, ఎన్ని మీటర్ల పైన, ప్రమాద స్థాయి ఎంత. స్థాయిలు ఒకటి నుంచి ఐదు దాకా ఉంటాయి. ‘మూడే కదా, మధ్యస్థం’ అనుకోవద్దు. ఆల్ప్స్ పర్వతాల్లో ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో పెద్ద వాటా మూడో స్థాయి రోజులదే. నాలుగు, ఐదు ఉన్నప్పుడు జనం ఎలాగూ లోపలే ఉంటారు. జిల్లా మొత్తానికి ఒక మాట చెప్పే హెచ్చరిక మీ ముందున్న వాలు గురించి చెప్పదు, అది మీరు చూసుకోవాల్సిందే.

రాత్రి ఎంత మంచు పడితే ఆగిపోవాలె?

24 గంటల్లో 30 సెంటీమీటర్లు పడితే వాలుల జోలికి వెళ్లొద్దు. కింద చక్కెర మంచు ఉందని తెలిస్తే, గాలి కూడా వీస్తుంటే, 20 సెంటీమీటర్లే ఎక్కువ. సాయంత్రం ఒక సమతలం చూసి, మంచును చదును చేసి, ప్లేటు పెట్టి పక్కన కర్ర గుచ్చండి. పొద్దున ఆ ప్లేటు మీద ఎంతుందో కొలిస్తే అంచనాలతో పని ఉండదు.

గాలిని మరవద్దు. ఒక్క రేణువు కురవకపోయినా, గాలి ఒక పక్క మంచును ఊడ్చి రెండో పక్క పోస్తుంది. రిడ్జ్ మీంచి తెల్లటి ధూళి ఎగురుతుంటే ఆ అవతలి వాలు గంట గంటకూ బరువెక్కుతున్నట్టు. రిడ్జ్ అంచున మంచు చూరు ఎటు వేలాడుతుందో అటే గాలి చాటు. ఆ చూరు కింద నడవొద్దు, ఫొటో కోసం దాని పైకీ పోవద్దు. కొన్ని చోట్ల దాని కింద నేలే ఉండదు.

ఎండ కాసింది, ఆకాశం నీలంగా ఉంది. ఇంకేం భయం?

తుఫాను తర్వాత మొదటి ఎండ రోజే అందరూ ఒక్కసారిగా బయటపడేది. కొత్త మంచు ఇంకా సర్దుకోలేదు, ఎండకు పైపొర బరువెక్కుతుంది. మొదటి 24 నుంచి 48 గంటలు ఓపిక పట్టాలి. కింద బలహీన పొర ఉంటే అదీ చాలదు. తేట రాత్రుల్లో మంచు పైన ఈకల్లా పేరుకునే సన్నటి మంచు పూత చూడ్డానికి అందంగా ఉంటుంది, దానిపై మళ్లీ మంచు పడితే అదే ఇంకో బలహీన పొర.

గైడు ‘నేను చూస్కుంట’ అంటడు. ఏమని అడగాలె?

‘భయ్యా, ఈరోజు దారిలో 30 డిగ్రీలు దాటే వాలు ఎక్కడొస్తుంది? దాని మీద నడుస్తామా, కింద నడుస్తామా? ఆ చోటు తప్పించే దారి ఉందా? బృందంలో పారలు ఎన్ని? ఎన్ని గంటలకు, ఎక్కడిదాకా వెళ్లినా వెనక్కి తిరుగుతాం?’ ఇవి అడిగితే మంచి గైడుకు కోపం రాదు. పైగా వెనక్కి తిరగడానికి అతనికీ ధైర్యం వస్తుంది, ఎందుకంటే శిఖరం చూపించకపోతే కస్టమర్లు గొడవ చేస్తారన్న బెంగ అతనికీ ఉంటుంది. డబ్బు కట్టాం కాబట్టి ఎక్కించాల్సిందే అనే ధోరణి మన బ్యాచుల్లో ఎక్కువ. అది మానుకోవాలి.

## వాలు మీద

30 డిగ్రీలంటే కంటితో ఎట్ల తెలుస్తది?

కంటితో తెలియదు. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ వేసుకోండి. ట్రెక్కింగ్ కర్రను వాలు వెంబడి మంచు మీద పడుకోబెట్టి, ఫోన్ అంచును దానికి ఆనిస్తే డిగ్రీలు కనిపిస్తాయి. ఇంటి దగ్గరే మెట్ల మీద అలవాటు చేసుకోండి: ఏడంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు ఉన్న మెట్ల వాలు 35 డిగ్రీలు. పలకలా జారే చరియల్లో అత్యధికం 30 నుంచి 45 మధ్యే మొదలవుతాయి, 38 చుట్టుపక్కల మరీ ఎక్కువ. అంటే మీ ఇంటి మెట్లంత వాలే.

మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉంటే చాలదు. పైన ఏముందో తల ఎత్తి చూడాలి. పై వాలులో తెగింది కింది మైదానం దాకా వస్తుంది. టెంట్ వేసేటప్పుడు, అన్నం తినడానికి ఆగినప్పుడు కూడా ఇదే చూసుకోవాలి.

ముందు పోయినోళ్ల అడుగులున్నయ్. అంటే గట్టిగనే ఉన్నట్టు కదా?

కాదు. పల్చటి మంచులో ఒక బండ పక్కనో, పొద దగ్గరో పొర సన్నగా ఉండే చోట్లుంటాయి. అక్కడ కాలు పడితే బరువు నేరుగా బలహీన పొరకు తగులుతుంది. పదిమంది దాటాక పదకొండో మనిషి ఆ చోట అడుగేయొచ్చు. దాటక తప్పని వాలైతే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు జారే దారికి బయట నిలబడి చూస్తుండాలి. కర్రల పట్టీలు మణికట్టుకు వేసుకోవద్దు.

కాలి కింద ‘ధబ్’ మని చప్పుడొచ్చి మంచు కుంగింది. ఏమిటది?

మంచు స్వయంగా చెప్పే హెచ్చరిక ఇంతకంటే సూటిగా ఉండదు. కింద బలహీన పొర కూలి, గాలి బయటికి తన్నిన చప్పుడది. చదునులో ఉన్నారు కాబట్టి జారలేదు, వాలులో ఉంటే జారేది. మీ అడుగు నుంచి పగుళ్లు గీతల్లా ముందుకు పరుగెత్తినా, దగ్గరి వాలులో తాజా చరియ కనిపించినా ఇదే అర్థం. ఒక్కోసారి కింది మైదానంలో నడుస్తున్నా పై వాలు తెగిపడుతుంది. ఆరోజుకు 30 డిగ్రీల వాలులన్నీ వదిలేసి, వచ్చిన దారినే మనిషికీ మనిషికీ దూరం పాటిస్తూ వెనక్కి రండి.

గుంత తవ్వి చూస్తే తెలుస్తదంట కదా?

కొంత తెలుస్తుంది. వెళ్లబోయే వాలు ఏ దిక్కు చూస్తుందో అదే దిక్కున్న చిన్న, భద్రమైన చోట నేల దాకా తవ్వి, గోడను నిటారుగా చెక్కి, వేలితో పైనుంచి కిందికి నొక్కుతూ రండి. పైన గట్టిగా ఉండి కింద వేలు మెత్తగా దిగబడితే మంచి కబురు కాదు. 30 సెంటీమీటర్ల చదరపు స్తంభం కోసి, దానిపై పార పెట్టి, మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది దెబ్బలు వేసే పరీక్ష కూడా ఉంది. తక్కువ దెబ్బలకే సాఫీగా జారిపోతే వెనక్కి తిరగాలి. జారకపోతే? దాన్ని ‘వెళ్లొచ్చు’ అనే అనుమతిగా తీసుకోవద్దు. తొలి సీజన్ మంచు పది అడుగుల దూరంలోనే వేరేగా ఉంటుంది.

చెట్ల మధ్యల నడిస్తే సేఫేనా?

దట్టమైన దేవదారు అడవైతే చాలావరకు నయం. తేలిగ్గా నడిచిపోయేంత ఎడంగా చెట్లుంటే చరియ కూడా అంతే తేలిగ్గా వస్తుంది. పై వైపు కొమ్మలన్నీ విరిగి, కింది వైపే మిగిలిన చెట్లు కనిపిస్తే అది చరియలు పోయే దారి.

మేం ట్రెక్ చేయం. కారు దిగి జర సేపు మంచుల ఆడుకుంటం, అంతే.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్లే రోడ్డు పక్క చరియ పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వాళ్లు పర్వతారోహకులు కారు. హిమాచల్‌లో అటల్ టన్నెల్ దాటాక వచ్చే సిస్సు ఊరి వైపైనా, ఇంకెక్కడైనా, ‘ఇక్కడ ఆగవద్దు’ అన్న బోర్డు ఉంటే ఆగకండి. రోడ్డు మీదికి దిగిన నాలా నోట్లో పిల్లలను ఆడనివ్వొద్దు.

## చరియ పడితే

నేనే అందులో పడితే ఏం చేయాలె?

గట్టిగా అరవండి, మిమ్మల్ని ఎవరో ఒకరు చూడాలి. కదలడం మొదలైన క్షణంలో పక్కకు తప్పుకోవడానికి ప్రయత్నించండి. కర్రలు వదిలేయండి. పైకి తేలడానికి కాళ్లూ చేతులూ ఆడించండి, నోరు మూసుకోండి. వేగం తగ్గుతోందనిపించగానే ఒక చేయి ముఖానికి అడ్డం పెట్టి ఊపిరికి జాగా చేసుకోండి. ఆగాక మంచు బిగుసుకుపోతుంది, అప్పుడు చేయి కదలదు.

తోటివాడు మునిగిపోయిండు. ముందు ఫోన్ చేయాలా, వెతకాలా?

వెతకాలి. పది, పదిహేను నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బతుకుతారు. అరగంట దాటితే మూడింట ఒక వంతే. ఏ హెలికాప్టరూ ఆ లోపు రాదు. ఎక్కువమంది ఉండి, సిగ్నల్ ఉంటే ఒకరు 112కు చేయండి. జిల్లా విపత్తు కేంద్రం నంబరు 1077. మిగతావాళ్లు పనిలో ఉండాలి.

ముందు పైనుంచి ఇంకో చరియ వచ్చేలా ఉందా చూడండి. చివరిసారి అతను కనిపించిన చోటును గుర్తుపెట్టుకోండి, దాని కింది భాగంలో వెతకాలి. అందరి బీకన్లూ సెర్చ్ మోడ్‌లోకి మార్చండి. ఒక్కటి సెండ్‌లో ఉండిపోయినా అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. మంచు పైన గ్లవ్, కర్ర, బ్యాగు ఏదైనా కనిపిస్తే లాగి చూడండి, చేయి దానికే ఉండొచ్చు. బీకన్ చిన్న అంకె చూపిన చోట ప్రోబ్‌ను వాలుకు లంబంగా దించి, 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ తిరుగుతూ గుచ్చండి. మనిషి తగిలితే ప్రోబ్ తీయొద్దు.

తవ్వడం ప్రోబ్ దగ్గర కాదు, దాని కింది వైపు. మనిషి మీటరు లోతులో ఉంటే మీటరున్నర కిందినుంచి మొదలుపెట్టి అడ్డంగా లోపలికి తవ్వాలి. నేరుగా పైనుంచి తవ్వితే మంచు ఎత్తిపోయడానికి చోటుండదు, అతని ఊపిరి జాగా మీద మీరే నిలబడతారు. మీటరు లోతులో ఉన్న మనిషిని తీయాలంటే టన్నుకు పైగా మంచు తోడాలి. ఒకరు ముందు తవ్వుతుంటే వెనకవాళ్లు కిందికి తోసేయాలి, నిమిషానికోసారి ముందున్న మనిషి మారాలి.

బయటికి తీశాక?

ముందు ముఖం, ఛాతీ బయటపడేలా తవ్వి, నోట్లో, ముక్కులో మంచు ఉంటే తీసేయండి. ఊపిరి లేకపోతే మొదట నోటితో ఊపిరి ఊది, ఆ తర్వాత ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి, ఎందుకంటే ఇక్కడ గుండె ఆగేది ఎక్కువగా గాలి అందకే. ఊపిరి ఉంటే అడ్డంగా పడుకోబెట్టే కదిలించండి, లేపి నడిపించొద్దు, చేతులూ కాళ్లూ రుద్దొద్దు. తడి బట్టలు మార్చి, కింద మ్యాట్ వేసి, స్లీపింగ్ బ్యాగులో పెట్టండి. బాగా చల్లబడిన మనిషి నాడి చాలా మెల్లగా కొట్టుకుంటుంది, వేలికి దొరకకపోవచ్చు. కాబట్టి ఒళ్లు చల్లగా ఉందని ప్రాణం పోయిందని తేల్చేయొద్దు, డాక్టరు చూసేదాకా ప్రయత్నం ఆపొద్దు.